కళ్ళు మూసుకుంటే వచ్చే అమ్మ

నేను చెప్పబోయేదంతా నిజం. మా నాయనమ్మ బైబిలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది కానీ లోపలి మాటలేవీ ఊడలేదు. దాని మీద కుడిచెయ్యి పెట్టి, ఎడమచేతి వేళ్ళు కూడా మడవలేదని అందరికీ కనిపించేలా పైకెత్తి చెబుతున్నాను: ఇందులో ఒక్క మాట కూడా నా కల్పన కాదు. మా ఇంట్లోవాళ్ళు నా ప్రమాణాలను నమ్మరు. మౌలాలి గుట్ట మీద నేను చిరుతపులిని రాళ్ళతో కొట్టి తరిమానంటే అప్పుడూ నమ్మలేదు. అది కుక్క అంటారు. దూరం నుంచి చూసినవాళ్ళకు అలాగే కనిపిస్తుంది మరి.

మొన్న సాయంత్రం మా తార్నాక అపార్ట్‌మెంటులో లిఫ్టు పనిచేయక, మెట్లెక్కి ఆయాసంతో మూడో అంతస్తు గట్టు మీద కూలబడ్డాను. ఎదురు ఫ్లాటు పిల్లవాడు, ఇంకా మాటలు కూడా కుదరనివాడు, గుమ్మంలో కూర్చుని ఫోనులో తండ్రికి బిస్కెట్టు తినిపిస్తున్నాడు. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. వీడు "ఆ" అంటాడు. అక్కడ ఆయన నోరు తెరుస్తాడు. వీడు బిస్కెట్టును ఫోను అద్దానికేసి రుద్దుతాడు. ఆయన అక్కడ నములుతాడు.

"గీ ఫోన్ల సందులన్నిట్ల పిండే ఉన్నది సార్," అంది వాడి నానమ్మ నాతో. "రిపేరుకు తీస్కపోతే, ఇది ఫోనా, బేకరీనా అని అడుగుతున్నడు షాపాయన."

నవ్వాను. నవ్వుకుంటూనే ఇంట్లోకి వచ్చాను. భోజనానికి కూర్చున్నాక మాత్రం అన్నం కలపబుద్ధి కాలేదు. ఆ వయసులో మా చెల్లికి అమ్మ ముఖం తెలియదు.

అమ్మ నర్సు. నాన్న యూనివర్సిటీలో గుమాస్తా. ఆ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ప్రతి వేసవిలోనూ అది ఉంటుందో ఊడుతుందో తెలియని కొన్ని వారాలు వచ్చేవి. ఆ వారాల్లో ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడేవాళ్ళు కాదు, చివరికి కుక్కరు కూడా నెమ్మదిగా కూసేది. కోస్తా నుంచి వచ్చి తార్నాకలో రెండు గదుల్లో అద్దెకు ఉండేవాళ్ళం. మా చర్చిలో ఒకావిడ గల్ఫ్ ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది. ఆవిడే అమ్మకు దారి చూపించింది.

చెల్లి గోడ పట్టుకుని నడిచే రోజుల్లో అమ్మ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు పాలు మాన్పించాలి కదా. వేపాకు నూరి రాసుకుంది. చెల్లి నోరు పెట్టడం, చేదుకు వెనక్కి తగ్గడం, అమ్మ ముఖంలోకి చూడడం, మళ్ళీ నోరు పెట్టడం. అమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. చివరికి ఒకరోజు చెల్లి దగ్గరికే రాలేదు. అమ్మ ఎక్కవలసిన విమానానికి అప్పటికింకా సమయం ఉంది. నూరిన వేపాకు వాసన ఎక్కడ తగిలినా ఈనాటికీ నాకు ఆ మూలగది గుర్తొస్తుంది.

నాయనమ్మ మమ్మల్ని చూసుకోవడానికి ఊరి నుంచి దిగింది. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో ఎండు నెత్తళ్ళ మూట. మర్నాడే ఆ చేపలు వేయించింది. ఆ వాసనకు యూనివర్సిటీ గుట్టల్లోని నెమళ్ళన్నీ కట్టకట్టుకుని అంబర్‌పేట్ వైపు వలసపోయాయి. ఇది కూడా నిజమే. పక్క వాటాలో ఉండే అత్త, అంటే మేము అత్త అని పిలిచే తెలంగాణ ఆవిడ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, "పెద్దమ్మా, ఏమన్న అంటుకున్నదా ఇంట్ల?" అని అడిగింది. నాయనమ్మ ఒక చేప ఆవిడ నోట్లో పెట్టింది. మరుసటి వారం నుంచి అత్తే గిన్నె పట్టుకుని వచ్చేది. చెల్లి సగం రోజు అత్త చంకలోనే పెరిగింది. అందుకే దానికి మా మాటలకంటే అత్త మాటలే ముందు వచ్చాయి.

గోడకు అమ్మానాన్నల పెళ్ళి ఫోటో ఉండేది. అందులో ఉన్నదెవరని అడిగితే "పెండ్లిపిల్ల" అనేది చెల్లి. ఫోను గోల్నాకలో చర్చి పెద్ద గారి ఇంట్లో ఉండేది. అమ్మ ముందుగా కబురు పెట్టిన ఆదివారం అందరం వెళ్ళి దాని చుట్టూ కూర్చునేవాళ్ళం. అక్కడి మాట ఇక్కడికి ఆలస్యంగా వచ్చేది. అందరూ ఒకేసారి అరిచి, అందరూ ఒకేసారి ఆగేవాళ్ళు. చెల్లి చెవికి రిసీవరు పెడితే, అందులోంచి ఏడుపు గొంతుతో ఎవరో "బంగారూ" అన్నారు. చెల్లి దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా తీసి, ఆ ఇంటి పిల్లి చెవికి పెట్టింది.

మా ఇంట్లో ప్రార్థన లేనిదే కంచంలో చెయ్యి పెట్టరు. నాయనమ్మ ప్రార్థన చాలా పొడుగు. అది మొదలయ్యేటప్పుడు పొగలు కక్కిన పప్పు, ముగిసేసరికి మీగడ కట్టేది. మధ్యలో ఎప్పుడూ ఈ మాటలు వచ్చేవి: "పరదేశంలో ఉన్న మా కోడల్ని నీ రెక్కల చాటున దాచు తండ్రీ. అమ్మను తొందరగా పిల్లల దగ్గరికి పంపు తండ్రీ." ప్రార్థన అయ్యేలోగా చెల్లి కూరలో వేలు పెట్టకుండా నాయనమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. "కళ్ళు మూసుకోవే తల్లీ. ఇప్పుడు మనం అమ్మ దగ్గరికి వెళ్తున్నాం," అనేది. చెల్లి ముక్కు మీద ముడతలు పడేంత గట్టిగా మూసుకునేది.

పూటపూటకూ అదే. అమ్మ అంటే కళ్ళు మూసుకున్నప్పుడు వచ్చేది, ఆమెన్ అనగానే వెళ్ళిపోయేది. చెల్లి మనసులో అలా స్థిరపడిపోయింది. పెద్దవాళ్ళెవరూ గమనించలేదు. గమనించింది నేనే. ఊరికే గమనించి ఊరుకుంటానా? చెల్లి రాత్రిళ్ళు ఏడ్చినా, జ్వరం మందు మింగనన్నా, "కళ్ళు మూసుకో, అమ్మ ఇప్పుడేం చేస్తోందో చెప్తా," అనేవాణ్ణి. అది వెంటనే మూసేది. ఇక నాకు అడ్డేముంది? అమ్మ తెల్లని ఒంటె ఎక్కి ఆసుపత్రికి వెళ్ళేది. ఆ ఒంటెకు పంటినొప్పి వస్తే సూది వేసేది. ఇసుక తుఫాను వస్తే చీర కొంగు అడ్డం పట్టి ఊరంతటినీ కాపాడేది. చెల్లి మూసిన కళ్ళతోనే నవ్వేది. "మల్ల?" అనేది. మళ్ళీ చెప్పేవాణ్ణి.

ఆదివారాలు నాన్నకు కష్టంగా ఉండేవి. చర్చి నుంచి వచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయేవాడు. "పదండి, ఎటైనా పోయొద్దాం," అనేవాడు చొక్కా కూడా మార్చకుండా. స్కూటరు ముందు చెల్లి నిలబడేది, వెనక నాయనమ్మ పక్కకు తిరిగి కూర్చునేది, నాన్నకూ నాయనమ్మకూ మధ్య నేను, నా ఒళ్ళో అన్నం గిన్నె. పెట్రోలు ఆదా చెయ్యడానికి దిగుడులో నాన్న ఇంజను ఆపేసేవాడు. ఒకసారి అలా ఇంజను లేకుండానే సిటీ బస్సును దాటేశాం. కండక్టరు తల బయటపెట్టి నాయనమ్మకు సలాం కొట్టాడు.

కొన్నిసార్లు మౌలాలి గుట్ట. మెట్ల మీద నాయనమ్మ మోకాళ్ళు పట్టుకుని ఆగేది, అక్కడి రాళ్ళు సాయంత్రం దాకా వేడిగా ఉండేవి. కొన్నిసార్లు యూనివర్సిటీలోనే, రాతి భవనాల వెనుక సీతాఫలం చెట్లు. వాచ్‌మన్ ఈలవేస్తే పారిపోవడం నా పని. తెచ్చిన పచ్చికాయలు మగ్గడానికి బియ్యం డబ్బాలో దాచి మరిచిపోయాను. నాయనమ్మ మూత తీసేసరికి లోపల చీమలు సంఘం పెట్టుకుని ఉన్నాయి. ఎక్కువగా మాత్రం ఘట్‌కేసర్ దాటాక అత్త పుట్టిన ఊరికి వెళ్ళేవాళ్ళం. అత్త బస్సులో వచ్చేది. అక్కడ చెరువు, కట్ట కింద నేరేడు చెట్లు. అత్త జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం తెచ్చేది. మేము అక్కడే రాళ్ళ పొయ్యి పెట్టి కోడికూర వండేవాళ్ళం.

నాన్న అక్కడా కూర్చునేవాడు కాదు. పుల్లలు ఏరేవాడు. పొయ్యికి సరిపడా ఏరాక కూడా ఏరుతూనే ఉండేవాడు. మోపులు మోపులు తెచ్చి కుప్ప పోసేవాడు.

"అన్నా, మనం వండుతున్నది ఒక్క కోడి," అంది అత్త. "పెండ్లికి ఏస్తున్నవా ఈ కట్టెలు?"

"ఉండనీ అమ్మా. పడుంటాయి," అని మళ్ళీ వెళ్ళాడు నాన్న. అత్త నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ పొయ్యి ఊదింది, పొగ లేకపోయినా.

అలా రెండేళ్ళు గడిచాక అమ్మ సెలవు మీద వచ్చింది. ఒక నెల ఉండి తిరిగి వెళ్ళాలి. టాక్సీలోంచి దిగిన మనిషి ఫోటోలోలా లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. పెట్టె తెరిస్తే పాలపొడి, నారింజ పొడి, కొత్త సబ్బుల వాసన ఇల్లంతా నిండింది. చెల్లి అత్త చంకలోంచి దిగలేదు. అమ్మ బొమ్మ చూపించింది. చెల్లి చెయ్యి చాపి బొమ్మ తీసుకుంది.

"థాంక్యూ ఆంటీ," అంది.

అత్త దాని తొడ మీద చిన్నగా గిల్లింది. "ఆంటీ ఏంది పొల్లా, అమ్మ."

"అమ్మ కాదు," అంది చెల్లి, అత్తకు తెలియని సంగతి చెబుతున్నట్టు. "ఆంటీ."

ఆ పూట అందరం కలిసి అన్నానికి కూర్చున్నాం. నాయనమ్మ అలవాటు మీద ప్రార్థన మొదలుపెట్టింది. "పరదేశంలో ఉన్న మా కోడల్ని..." అని నాలిక కరుచుకుని ఆగిపోయింది.  చెల్లి, కళ్ళు గట్టిగా మూసుకుని, నాయనమ్మ మరిచిపోయిందనుకుని తనే పూర్తిచేసింది: "మా అమ్మను జల్ది పంపియ్యి తండ్రీ. ఆమెన్."

అమ్మ దాని పక్కనే కూర్చుని ఉంది. ఆమె కూడా ఆమెన్ అంది.

తరవాత రోజుల్లో అమ్మ అన్నీ చేసి చూసింది. సున్నిపిండి పెట్టి స్నానం చేయించబోతే చెల్లి నాయనమ్మ కావాలంది. జడ వెయ్యబోతే అత్త దగ్గరికి పోయింది. మర్యాదకు మాత్రం లోటు లేదు. "గీడ కూసో ఆంటీ," అని తన చిన్న పీట చూపించేది. నాయనమ్మ కోప్పడితే అమ్మే ఆపేది. "వద్దత్తయ్యా. భయపడుతుంది. దాని తప్పేముంది?" నాన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే అమ్మ ముఖం చూసేవాడు. ఇవాళ వచ్చిందా అని కళ్ళతోనే అడిగేవాడు. అమ్మ తల అడ్డంగా ఊపేది. సెలవు కరిగిపోతోంది. పిల్ల అమ్మా అనకుండానే మళ్ళీ విమానం ఎక్కవలసి వస్తుందేమోనన్నదే ఆమె బెంగ.

ఒకరోజు పెరటి మెట్ల మీద చేపలు తోముతూ నన్ను పిలిచింది.

"ఒరే, నాకు ఒంటె ఉందటగా?"

చెల్లే చెప్పి ఉంటుందని నాకు అర్థమైంది. పారిపోవడానికి దారి చూసుకున్నాను.

"కూర్చో. తిట్టనులే. ఏ రంగు?"

"తెలుపు."

"ఇంకేం చేశానురా నేను అక్కడ?"

చెప్పాను. పంటినొప్పి, సూది, ఇసుక తుఫాను, చీర కొంగు. అమ్మ చేపల పొలుసు తీస్తూనే వింది. మధ్యలో, "ఆ ఒంటె పేరేంటి?" అని అడిగింది. పేరు పెట్టలేదన్నాను. "పెట్టాల్సింది," అంది. చేపలన్నీ కడిగాక, "బాగుందిరా ఆ అమ్మ. ఆవిడ ముందు నేనేం ఆనుతాను," అని చేపల నీళ్ళు గోడ అవతలికి పారబోసింది.

అమ్మ వెళ్ళే ముందరి ఆదివారం అత్తే అందరినీ లేవదీసింది. "ఇంట్ల గీ నాలుగు గోడల నడుమ పొల్ల ఎట్ల కలుస్తది వదినా? చెరువు కాడికి పోదాం. బయట తిరిగితే అయితది." తొలకరి పడింది. చెరువులో నీళ్ళు అడుగునే ఉన్నాయి కానీ కట్ట కింద మట్టి వాసన, చెట్ల నిండా నేరేడుపండ్లు. చెల్లి నాలుక, చేతులు, గౌను అన్నీ ఊదారంగే. నాన్న పుల్లలు ఏరాడు. కూర ఉడికింది. విస్తళ్ళు వేశారు. నాయనమ్మ అందరి వైపూ చూసి, "అమ్మాయ్, ఇవాళ నువ్వు చెయ్యి ప్రార్థన," అంది అమ్మతో.

చెల్లి కళ్ళు మూసుకుంది. అమ్మ మొదలుపెట్టింది. ముందు అన్నం కోసం, వాన కోసం. తరవాత ఒక్క క్షణం ఆగింది.

"నేనెక్కి తిరిగే తెల్ల ఒంటెను దీవించు తండ్రీ. దాని పంటినొప్పి మళ్ళీ రానీకు. ఇసుక తుఫాను వచ్చినప్పుడు నా చీర కొంగు చిరగకుండా కాపాడు."

నేను ఒక కన్ను తెరిచి చూశాను. చెల్లి ముఖం అమ్మ గొంతు వైపు తిరిగింది. ముక్కు మీద ముడతలు విడిపోయాయి.

అమ్మ అది చూసింది. ఇక ప్రార్థన ఆపలేదు. ఆసుపత్రిలో రోగుల కోసం చేసింది. తార్నాక వాళ్ళ కోసం, మౌలాలి మెట్ల మీద ముసలివాళ్ళ కోసం, ఆ చెరువులో చేపల కోసం, కట్ట మీద మేస్తున్న గేదెల కోసం చేసింది. చీమలు పాడుచేసిన సీతాఫలాల కోసం కూడా చేసింది. ముగిస్తే చెల్లి కళ్ళు తెరుస్తుందని ఆమెకు తెలుసు.

అత్త మా కోసం చేతులు జోడించి కూర్చుని ఉంది. చివరికి గుసగుసగా అంది, "పెద్దమ్మా, అన్నం మీద చీమలెక్కుతున్నయి."

"ఎక్కనీ," అంది నాయనమ్మ, కళ్ళు తెరవకుండానే.

అప్పుడు చెల్లి లేచింది. కళ్ళు మూసుకునే, చేతులు ముందుకు చాపి, గొంతు వచ్చే వైపు తడుముకుంటూ వెళ్ళి, అమ్మ ఒడిలో కూర్చుంది. దాని గుప్పిట్లో నలిగిన నేరేడుపండు రసం అమ్మ చీర మీద మరకయింది. అమ్మ ఆమెన్ అంది. చెల్లి కళ్ళు తెరిచి, తల ఎత్తి, ఆమె ముఖంలోకి చూసి, "అమ్మా," అంది. సాయంత్రం దాకా దిగలేదు.

ఆ తరవాత అమ్మ వెళ్ళింది, ఒప్పందం గడువు ముగించుకుని వచ్చేసింది. అప్పటికి చెల్లి బడికి పోతోంది. ఆ చెరువు ఇప్పుడు లేదు. దాని మీద ఇళ్ళు లేచాయి. కట్ట ఎటువైపు ఉండేదో అత్తకు కూడా గుర్తు పట్టడం రాలేదట. నాయనమ్మ లేదు, నాన్న లేడు. కిందటి వానాకాలంలో అమ్మ కూడా వెళ్ళిపోయింది. పుల్లలేరుతూ తిరిగిన ఆ మనిషిని, పొగలేని పొయ్యి ఊదిన ఆ మనిషిని తలుచుకోవడానికి చెల్లి, నేను మిగిలాం.

ఇక ప్రమాణం సంగతి. బైబిలు మీద చెయ్యి పెట్టాను కనుక చెప్పకుండా లేవలేను. ఒంటె నేను కల్పించానని మీకు తెలుసు. చిరుతపులి సంగతి వదిలెయ్యండి. నేను కల్పించింది ఒడి.

చెల్లి నాయనమ్మ పక్కనుంచి కదలలేదు. ప్రార్థన సాగినంతసేపూ అమ్మ గొంతు వైపు ముఖం పెట్టి, మూసిన కళ్ళతో నవ్వుతూ వింది. అంతే. అమ్మకు చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. గొంతు బొంగురుపోయి ఆమెన్ అంది. చెల్లి కళ్ళు తెరిచి చుట్టూ వెతికింది. చెట్ల వైపు చూసింది, కట్ట వైపు చూసింది, అమ్మ తల మీదుగా చెరువు వైపు చూసింది. "అమ్మ పోయింది," అని నాయనమ్మతో చెప్పి, అన్నం పెట్టమంది. అమ్మే లేచి, చీమలు దులిపి, దాని విస్తట్లో అన్నం పెట్టింది. "థాంక్యూ ఆంటీ," అంది చెల్లి.

చాలా ఏళ్ళకు, అమ్మ తిరిగొచ్చి మా మధ్య మామూలు మనిషి అయిపోయాక, చెల్లి ఒకరోజు అడిగింది. "అన్నయ్యా, చిన్నప్పుడు నేను అమ్మను గుర్తుపట్టలేదటగా, నిజమేనా?" అమ్మ అక్కడే చేటలో బియ్యం ఏరుతోంది. నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను. చెరువు కట్ట, ప్రార్థన, ఒడి, సాయంత్రం దాకా దిగకపోవడం, అంతా చెప్పాను. చెప్పాక భయమేసి అమ్మ వైపు చూశాను.

అమ్మ తల ఎత్తలేదు. ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "చేతి నిండా నేరేడుపండ్లు," అంది. "ఎన్నిసార్లు ఉతికినా ఆ చీర మరక పోలేదు."

అమ్మ జ్ఞాపకార్థ కూడికలో చెల్లి చర్చిలో అందరి ముందూ నిలబడి, తన మొట్టమొదటి జ్ఞాపకం అమ్మ ఒడి అని చెప్పింది. చీర మీద ఊదారంగు మరక ఎంత ఉందో అరచెయ్యి విప్పి చూపించింది. నేను మొదటి వరసలో తల వంచుకుని కూర్చున్నాను.

ఒడి నాది. మరక మాత్రం నేను కల్పించలేదు. అది అమ్మ కల్పించింది.